సీనియారిటీ నియమం – నల్లజాతి స్త్రీల ఉపాధి: డీగ్రాఫెన్‌రీడ్ కేసు పరిశీలన

ఆర్థిక అసమానతలను పరిశీలించేటప్పుడు స్త్రీ పురుషుల వ్యత్యాసాన్ని ఒక పట్టికలోను, తెల్ల, నల్ల జాతుల వ్యత్యాసాన్ని మరొక పట్టికలోను చూపడం పరిపాటి. ఈ రెండింటికీ అందని నష్టం ఎలా ఏర్పడుతుందో అమెరికాలోని డీగ్రాఫెన్‌రీడ్ కేసు స్పష్టం చేస్తుంది.

సెయింట్ లూయిస్‌లోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో 1964కు పూర్వం నల్లజాతి స్త్రీలకు దాదాపు ప్రవేశం లేదు. ఉద్యోగాలలో జాతి, లింగ వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం ఆ ఏడాదే వచ్చింది. తరువాత తలుపులు తెరుచుకున్నాయి. అయితే 1970 తరువాత చేరిన నల్లజాతి స్త్రీలందరూ మాంద్యకాలంలో ఉపాధి కోల్పోయారు. చివర చేరినవారిని మొదట తొలగించాలన్నది అక్కడి సీనియారిటీ నియమం. అందులో జాతి ప్రస్తావన గాని, లింగ ప్రస్తావన గాని లేదు. సర్వీసు కాలమే కొలమానం. ఆ సర్వీసును కూడబెట్టుకొనే అవకాశం అంతవరకు ఎవరికి దక్కిందన్న ప్రశ్న మాత్రం నియమానికి వెలుపలే ఉండిపోయింది. సీనియారిటీని పూర్తిగా తప్పుపట్టడమూ సరికాదు. పైఅధికారుల ఇష్టాయిష్టాల నుండి కార్మికులకు రక్షణ కల్పించినది కూడా అదే.

ఐదుగురు నల్లజాతి స్త్రీలు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1964కు ముందే సంస్థ స్త్రీలను నియమించినందున లింగ వివక్ష లేదని 1976లో జిల్లా కోర్టు తేల్చింది. ఆ నియామకాలు పొందినవారు తెల్లజాతి స్త్రీలు. జాతి వివక్ష ఆరోపణను అదే సంస్థపై నడుస్తున్న మరో వ్యాజ్యంతో కలుపుకొమ్మని సూచించింది. రెండింటినీ జోడించి కొత్త వర్గానికి ప్రత్యేక రక్షణ కల్పించడానికి అంగీకరించలేదు. మరుసటి ఏడాది టీమ్‌స్టర్స్ కేసులో, చట్టానికి పూర్వపు వివక్ష ఫలితాలను కొనసాగించినంత మాత్రాన సదుద్దేశపూర్వక సీనియారిటీ పద్ధతి చట్టవిరుద్ధం కాదని సుప్రీంకోర్టు నిర్ణయించింది.

కింబర్లే క్రెన్షా 1989లో ఈ తీర్పును విశ్లేషిస్తూ ఇంటర్‌సెక్షనాలిటీ భావనను ప్రతిపాదించారు. ఆమె ఎంచుకున్న ఉపమానం నాలుగు వైపుల నుండి వాహనాలు వచ్చే కూడలి. తెలుగులో కూడా ‘కూడలి’ అన్న మాటే ఈ భావనకు దగ్గరగా ఉంటుంది.

కోర్టు చేసిన పొరపాటు గణాంక పరిశోధనలోనూ సులభంగా దొర్లుతుంది. జాతికొక చరం, లింగానికొక చరం చేర్చి, వాటి ఉమ్మడి ప్రభావాన్ని విస్మరించిన సమీకరణం నల్లజాతి స్త్రీ నష్టాన్ని రెండు విడి నష్టాల మొత్తంగానే చూస్తుంది. సర్వీసు కాలాన్ని స్థిరంగా ఉంచి వేతన వ్యత్యాసాన్ని లెక్కించినప్పుడైతే, ప్రవేశద్వారం వద్ద జరిగిన వివక్ష లెక్కలోకే రాదు.