మంత్రాలయానికి సైకిళ్ళమీద

కౌల్ బజారు నుంచి మంత్రాలయం పోవటానికి బస్సులున్నాయి, రైళ్ళున్నాయి. అయినా మేము సైకిళ్ళమీద పోతామని చెప్పినప్పుడు ఇళ్ళలో ఎవరూ అడ్డు చెప్పలేదు. నవ్వారు, అంతే. మేము నలుగురము. ముగ్గురం నలభై దాటి, పగలంతా కుర్చీలో కూర్చుని ఫైళ్ళు తిప్పేవాళ్ళం. నాలుగో ఆయనను అందరమూ అన్నా అని పిలుస్తాము. అంతకు ముందు ఏడాదే ఉద్యోగ విరమణ చేశారు. కాబట్టి ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు.

2022 ఆగస్టులో రెండో శనివారం, ఆదివారం, స్వాతంత్ర్య దినం వరుసగా పడ్డాయి. ఆ శనివారమే, 13వ తేదీ, శ్రావణ బహుళ విదియ, రాఘవేంద్రస్వామివారి మధ్యారాధన, మరునాడు రథోత్సవం. గుమాస్తాలకు ఇంతకన్న మంచి ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు.

దారి సుమారు 125 కిలోమీటర్లు. బళ్ళారి నుంచి తూర్పుగా హగరి, అక్కడినుంచి ఉత్తరంగా ఆలూరు, ఆదోని, ఆ పైన మంత్రాలయం. ఒకప్పుడు ఆదోని దాకా మన జిల్లాయే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్ళారి ఇటు మైసూరులో నిలిచింది. అటు పిల్లనివ్వని, అటునుంచి కోడలిని తెచ్చుకోని తెలుగు ఇల్లు మా వీధిలో లేదు. బస్సులో కునుకుతూ పోయేవారికి ఎల్ల ఎప్పుడు దాటిందో తెలియదు. సైకిలుమీద పోయేవాడికి మైలురాళ్ళమీద కన్నడం పోయి తెలుగు రావటం కనిపిస్తుంది. నేల మాత్రం అదే నల్లరేగడి, కంపలూ అవే.

ఆ కంపల సంగతి ఒకటి చెప్పాలి. మనం సర్కారు తుమ్మ అనే చెట్టును కన్నడంవారు బళ్ళారి జాలి అంటారు. పుట్టిల్లు అమెరికా ఖండమైనా పేరు మాత్రం మన ఊరిది. ఆలూరు చేరేలోపలే మాకు మూడు పంక్చర్లు, మూడూ దానివే. సొంత ఊరివాళ్ళమని కూడా చూడలేదు.

దూర ప్రయాణమనగానే మాకు బొంబాయి పారశీ యువకులు గుర్తుకు వస్తారు. 1923 అక్టోబరులో ఆరుగురు సైకిళ్ళమీద బయలుదేరితే, ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగారా అనే ముగ్గురు మాత్రం భూమి చుట్టి 1928 మార్చిలో ఇల్లు చేరారు. తొక్కినది 71,000 కిలోమీటర్లు. గేర్లులేని మామూలు సైకిళ్ళు, ఎడారుల ఎండ. వారితో మాకు పోలిక లేదు గాని, బయలుదేరేముందు రాత్రి ఆ కథ చెప్పుకోకపోతే మాకు ధైర్యం వచ్చేది కాదు.

ఈ సీమలో తిరగటం ఎప్పుడూ ఆటకాదు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరూరా గుడారాలు వేసుకొని గుర్రంమీద తిరిగాడు. ఆయనకు మంత్రాలయంలో స్వామివారు కనిపించి మాట్లాడారన్న కథ మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆయనే తరువాత మద్రాసు గవర్నరై, 1827 జూలైలో ఇదే సీమలో పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

మాకు మేము ఒక నియమం పెట్టుకొన్నాము: పొద్దున పదకొండు దాటితే నీడ, మళ్ళీ నాలుగు గంటలకు సైకిలు. కారణం ఉన్నది. బళ్ళారి భూమధ్యరేఖకు 15 డిగ్రీలు ఉత్తరాన ఉన్నది. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. మే మొదట్లో ఒకసారి, ఆగస్టు రెండోవారంలో మరొకసారి. వానాకాలమని మనం ఆగస్టును లెక్కచేయము. మబ్బు విడిచిందా, నీడ కాళ్ళకిందికే వచ్చేస్తుంది. పైగా సైకిలు తొక్కేవాడికి ఒక మోసం జరుగుతుంది. ఎదురుగాలికి చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉన్నది కదా, దాహం లేదులే అనుకొంటాము. నిజానికి గంటకు అరలీటరుకు తక్కువ కాకుండా తాగవలసిందే.

పోయేటప్పుడు అంతా సుఖంగానే జరిగింది. నైరుతి గాలి వీపున తోస్తూంటే తొక్కినట్లే లేదు. మొదటి రాత్రి ఆదోనిలో మాలో ఒకరి వియ్యాలవారింట భోజనం. అక్కడ మూడోసారి వడ్డించిన ఓళిగల గురించి రాయటం ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. ఆదివారం తొమ్మిదికల్లా మంత్రాలయం చేరాము. తుంగభద్ర నిండుగా పారుతున్నది. రథం చూశాము, ప్రసాదం తీసుకొన్నాము. అయితే ఆ జనంలోనుంచి సైకిళ్ళు బయటికి తెచ్చేసరికి దీపాలు పెట్టారు. ఆదోని చేరేసరికి రాత్రి పదకొండు దాటింది.

తెల్లవారుజామున మూడింటికి వెన్నెలలో బయలుదేరాలని అనుకొన్నవాళ్ళం, ఆరున్నరకు లేచాము. నిన్న వీపున తోసిన గాలి ఇప్పుడు ముఖాన కొట్టటం మొదలుపెట్టింది. పెడలు వదిలితే చాలు, సైకిలు నిలిచిపోతున్నది. ఆలూరు దాటేసరికే పదకొండు. ఆగాలి. మరునాడు ఆఫీసు. “హగరి దాకా పోదాం, అక్కడ ఆగుదాం” అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఈ నాటికీ తేలలేదు, తేల్చుకోవాలని మేమెవరమూ అనుకోలేదు. అన్న ఏమీ మాట్లాడలేదు. తనవల్ల ఆలస్యమైందన్న మాట పడకూడదని పొద్దుటినుంచీ నీళ్ళకు కూడా ఆగటంలేదని మాకు తరువాత తెలిసింది.

పన్నెండున్నర ప్రాంతంలో ఆయన సైకిలు మెల్లగా రోడ్డు దిగి చేలోకి పోయింది. మేము వెళ్ళేసరికి కూర్చుని వాంతి చేసుకొంటున్నారు. ముఖం పాలిపోయింది, పిక్కలు కట్టుకుపోయాయి. ఏ ఊరిలో ఉన్నామని అడిగితే, ఆదోని అన్నారు.

వేరుసెనగ చేలో కలుపు తీస్తున్న ఒక ముసలమ్మ కొడవలితోనే పరుగెత్తుకొని వచ్చింది. ముందు మమ్మల్ని తిట్టింది. “ఎద్దుల్ని గూడా ఇడిసిపెడ్తాం గదప్పా ఈ పొద్దుకు! మీకేమొచ్చిండాది?” తరువాత పని చూసింది. వేపచెట్టు కింద పడుకోబెట్టించి, కాళ్ళు ఎత్తుగా పెట్టించి, తన కొంగు తడిపి మెడకు, చంకలకు వేసింది. మమ్మల్ని విసరమంది. చెంబులో మజ్జిగలో ఉప్పు కలిపి గుక్కెడు గుక్కెడుగా పట్టింది. గడగడ తాగబోతే చెంబు లాక్కొన్నది.

ఇంటికి వచ్చాక డాక్టరుగారు చెప్పినదీ దాదాపు ఇదే. మజ్జిగ దొరకనిచోట, లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, అన్నీ తలగొట్టి కొలిచి కలుపుకోవాలట. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా చెట్టు కింద కాలయాపన చేయక తడిగుడ్డలతో చల్లబరుస్తూనే ఆసుపత్రికి చేర్చాలన్నారు. “ఊరి పేరు తప్పు చెప్పినప్పుడే బయలుదేరవలసింది” అని మమ్మల్ని మందలించారు. మాకు ఆ సంగతి తెలియక గంటసేపు విసురుతూ కూర్చున్నాము. అన్న తేరుకోవటం మా అదృష్టం.

రెండు గంటలకు బళ్ళారి పోయే మినీలారీ ఒకటి ఆగింది. అన్న ఎక్కనన్నారు. అంతదూరం తొక్కి ఊరిముందు లారీ దిగటమా అన్నారు. ముసలమ్మ ఆయన సైకిలు తానే ఎత్తి లారీలో పడేసింది. ఇక ఆయన ఎక్కక తప్పలేదు. మాలో ఒకరు తోడు వెళ్ళారు. మిగిలిన ఇద్దరం నాలుగు దాకా వేపచెట్టు కిందనే కూర్చుని, చీకటిపడ్డాక కౌల్ బజారు చేరాము.

సామాను విప్పితే ఆమె చెంబు మా సంచిలో ఉన్నది. దసరా సెలవుల్లో దాన్ని ఇచ్చి రావటానికి మళ్ళీ వెళ్ళాము, నలుగురమూ. ఇంట్లో వదిన గొడవపెట్టినా అన్న వినలేదు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, దారిలో ఆరుచోట్ల ఆగి నీళ్ళు తాగి, తొమ్మిది కాకముందే ఆ చేను చేరాము. ఆమె చెంబు తిప్పి చూసి, “సొట్ట యాడిది?” అన్నది. అది ముందునుంచీ ఉన్నదేనని మాకు గట్టి నమ్మకం. అయినా ఎదురు చెప్పలేదు.