ఓడ దిగి కాఫీ కొండకు... మీకు తెలుసా?

జనగామ, మానుకోట, భూపాలపల్లి... వీటిలో దేనికీ సముద్రం లేదు కదా! అయినా ఈ నేలను ఏలిన కాకతీయులకు ఓ రేవు ఉండేది. అదే మోటుపల్లి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులే లాక్కునే కాలంలో, కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. సుంకం తప్ప మరేమీ ముట్టనని పరదేశి వర్తకులకు మాటిచ్చాడు. సుంకం ఎంతో ఊహించండి చూద్దాం... ముప్పయ్యింట ఒక వంతు!

అది ఆనాటి ఓడల ముచ్చట. ఈనాటి ఓడ ఒకటి చూడండి. 2024 ఏప్రిల్‌లో విశాఖ రేవుకు ‘ది వరల్డ్’ అనే ఓడ వచ్చింది. అందులో ఏకంగా 165 ఇళ్లు! వాటిని కొనుక్కున్నవాళ్లు సొంతింట్లో ఉంటూనే దేశాలన్నీ చుట్టేస్తారు.

ఇక ఓడ దిగి రైలెక్కుదాం. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే రైలు దారిలో మొత్తం ఎన్ని సొరంగాలు? 58! బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేసిన దారి ఇది. దాని మీదున్న శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయినది అదే.

అరకు కాఫీ మొక్కకు ఎండ పడదు! అందుకే సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు కాబట్టి ఒకే తోటలో రెండు పంటలు. పూత పూసినప్పుడు తోటంతా మల్లెల వాసన!

ఒక కాఫీ పండులో గింజలెన్ని? మామూలుగా రెండు. అప్పుడప్పుడు ఒకటే గుండ్రంగా పెరుగుతుంది. కాఫీ పొడి కొట్లో ‘పీబెర్రీ’ అని అడిగి కొనేది దాన్నే. పోతే, ఒక కిలో గింజలు చేతికి రావాలంటే అయిదారు కిలోల పళ్లు కోయాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట గోస్తని నదిది. అనంతగిరి కొండల్లో పుడుతుంది, బొర్రా గుహల్లోంచి పారుతుంది, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కాఫీ తోటల నుంచి డచ్చివాళ్ల ఊరిదాకా ఒకటే నీరు!

అవును, భీమిలి డచ్చివాళ్ల రేవు! 1825లో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. ఇంకో వింత చూడండి. వీళ్లే 1690లలో మలబారు తీరం నుంచి కాఫీ మొక్కల్ని జావా దీవికి పట్టుకెళ్లారు. భీమిలి వెనకనున్న కొండల్లో మాత్రం కాఫీ వాసనే లేదు! మన్యంలో ఆ మొక్క నాటుకున్నది దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత, ఇంగ్లీషువాళ్ల కాలంలో.

భీమిలి మున్సిపాలిటీ పుట్టింది 1861లో. హైదరాబాద్‌లో మున్సిపల్ పాలన మొదలైంది 1869లో. అంటే ఈ చిన్న ఊరే ఎనిమిదేళ్లు పెద్ద!

మరి అరకు కాఫీ? 2017లో పారిస్‌లో దాని పేరుతోనే దుకాణం తెరిచారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సొంత దేశం ముద్ర వేయకముందే పారిస్ తాగేసింది!