జనగామ ఎండలో ద్రాక్ష చదువు

ద్రాక్ష సాగు, వైన్ శాస్త్రం చదవాలనుకున్నవాళ్లకు మొదట్లోనే ఒక పట్టిక ఎదురవుతుంది. 1944లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మేనార్డ్ అమెరిన్, ఆల్బర్ట్ వింక్లర్ దాన్ని తయారుచేశారు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే ద్రాక్ష తీగ ఎదగదు. అందుకని రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి 10 తీసేస్తే, ఆ రోజు తీగకు పనికొచ్చిన వేడి ఎంతో తేలుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 214 రోజులకూ ఇలా లెక్కగట్టి కూడి, ఆ మొత్తాన్ని బట్టి ప్రాంతాలను ఐదు తరగతులు చేశారు. మొత్తం 2222 దాటితే ఐదో తరగతి. అన్నిటికన్నా వేడి ప్రాంతం అదే.

ఈ లెక్క తెలంగాణలోని జనగామకు వేసి చూద్దాం. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు సగటు 28 డిగ్రీలనుకుందాం. పది తీసేస్తే 18. దాన్ని 214తో హెచ్చిస్తే 3852. ఐదో తరగతి గడప ఎక్కడో కింద ఉండిపోయింది. మహబూబాబాద్‌కు వేసినా, భూపాలపల్లికి వేసినా ఇంతే. పట్టికను నమ్మి కూర్చుంటే ఈ మూడు జిల్లాల విద్యార్థి పుస్తకం అక్కడే మూసేయాలి.

అయితే హైదరాబాద్ చుట్టుపక్కల ఇదే ఎండలో ద్రాక్ష పండింది. అనాబ్-ఎ-షాహీ రకానికి ఒకప్పుడు హైదరాబాద్ పెట్టింది పేరు. నగరం పెరిగి భూముల ధరలు ఆకాశానికంటాక తోటలు ప్లాట్లయ్యాయి. అది వేరే కథ. ఆ తోటలు బతికినన్నాళ్లూ ఎలా కాశాయన్నదే ఇక్కడ మన ప్రశ్న. జవాబు రైతు చేతి కత్తెరలో ఉంది.

ఫ్రాన్స్‌లో, ఇటలీలో చలికాలం రాగానే తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. రైతు ఏడాదికి ఒక్కసారి కత్తిరిస్తాడు. మన దగ్గర తీగను నిద్రపుచ్చేంత చలి లేదు. వదిలేస్తే ఏడాది పొడుగునా ఆకు వేస్తూనే ఉంటుంది, కాపు మీద ధ్యాస పెట్టదు. అందుకే దక్కన్ రైతులు రెండుసార్లు కత్తిరిస్తారు. కోత అయిపోయాక ఎండాకాలం మొదట్లో ఒకసారి, అక్టోబరులో మరోసారి. కాయ కోసేది మాత్రం ఒక్కసారే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో.

ఈ రెండు కత్తిరింపుల మధ్య తీగలో జరిగే పని చూడముచ్చటగా ఉంటుంది. ద్రాక్ష గుత్తి పూత నాడు పుట్టేది కాదు. అంతకు కొన్ని నెలల ముందే మొగ్గలో కంటికి కనబడనంత చిన్న బుడిపెగా మొదలవుతుంది. అప్పటికి అది ఏమవ్వాలో తేల్చుకోలేదు. పందిరిని పట్టుకునే నులితీగ కావచ్చు, గుత్తీ కావచ్చు. రెండింటికీ మూలం ఒకటే. సైటోకైనిన్ అనే హార్మోన్ పైచేయి అయితే గుత్తి వైపు, జిబ్బరెలిన్ పైచేయి అయితే నులితీగ వైపు మళ్లుతుంది. మొగ్గ గుత్తి వైపు మొగ్గాలంటే దండిగా వెలుతురు కావాలి, వేడి కావాలి. వేసవి కత్తిరింపు తర్వాత వచ్చే చిగుళ్లలో ఈ నిర్ణయం సరిగ్గా మన ఏప్రిల్, మే ఎండల్లో జరుగుతుంది. అక్టోబరు కత్తిరింపు ఆ సిద్ధమైన మొగ్గలను మేల్కొలుపుతుంది. సరిపడా చలి లేని లోటు తీర్చి మొగ్గలన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సయనమైడ్ కూడా పూస్తారు.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. కాయ ఎదిగేది అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. సుమారు 150 రోజులు, సగటు 24 డిగ్రీలనుకుంటే, పద్నాలుగును నూటయాభైతో హెచ్చించగా 2100. అది నాలుగో తరగతి. ఊరు కదల్లేదు, ఎండ తగ్గలేదు. పట్టికలో మాత్రం జనగామ ఒక మెట్టు దిగింది. 214 రోజుల కోసం గీసిన పట్టికకు 150 రోజుల లెక్క అతికించడం శాస్త్రపరంగా అంత శుద్ధమైన పని కాదని ఒప్పుకోవాల్సిందే. అయినా దారి చూపడానికి చాలు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో కాయ పండే చివరి వారాలు సెప్టెంబరులో వస్తాయి. రోజురోజుకూ చల్లబడుతుంటుంది. మన దగ్గర కాయ పండేది వేసవి తలుపు తడుతున్నప్పుడు. జనవరి రాత్రుల చలి పోయి, ఫిబ్రవరి చివరికి పగటి ఎండ ముదురుతుంది. ద్రాక్షలో పులుపునిచ్చేవి ముఖ్యంగా రెండు ఆమ్లాలు, టార్టారిక్, మాలిక్. టార్టారిక్ వేడికి తట్టుకుని నిలుస్తుంది. మాలిక్‌ను పండు తన శ్వాసక్రియలో ఖర్చుచేసుకుంటుంది, వేడి పెరిగినకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. తీపి ఎక్కుతుంటే పులుపు అంతకంటే వేగంగా జారిపోతుంది. నేరుగా తినే ద్రాక్షకు ఇది వరమే. వైన్‌కు మాత్రం నష్టం. అందుకే వేడి ప్రాంతాల్లో వైన్ ద్రాక్షను రాత్రివేళో, తెల్లవారకముందో కోస్తారు. కోత రోజును వారాల్లో కాక రోజుల్లో చూసుకుంటారు. నాసిక్ ఈ ఆటలో మనకంటే ముందుండటానికి ఒక కారణం దాని ఎత్తు, సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్లు. ఆ ఎత్తు తెచ్చిపెట్టే డిగ్రీ, డిగ్రీన్నర చల్లదనం కూడా ఈ పంటలో లెక్కలోకి వస్తుంది.

ఇదంతా ఉద్యోగం చేస్తూ చదవొచ్చా? భూపాలపల్లిలో సింగరేణి షిఫ్టు ముగించుకుని వచ్చేవాళ్లకూ, మహబూబాబాద్‌లో మిర్చి చేను చూసుకునేవాళ్లకూ ఇది న్యాయమైన ప్రశ్నే. ఆస్ట్రేలియాలోని వాగా వాగాలో ఉన్న చార్లెస్ స్టర్ట్ విశ్వవిద్యాలయం వైన్ శాస్త్రాన్ని దశాబ్దాలుగా దూరవిద్యలో బోధించింది. పాఠాలు ఇంటి దగ్గర, ప్రయోగాలు మాత్రం క్యాంపస్‌లో. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ క్యాంపస్ కూడా వైన్ తయారీ మీద ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు నడిపింది. దూరవిద్య మనకు కొత్తదేమీ కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది.

నా ఉద్దేశంలో ఈ శాస్త్రానికి నిదానపు చదువే నప్పుతుంది. ద్రాక్ష ఏడాదికి ఒక్క కాపే చూపిస్తుంది. మూడేళ్లలో డిగ్రీ ముగించినవాళ్లు మూడు కోతలు చూస్తారు. అదే డిగ్రీని ఆరేళ్లు సాగదీసినవాళ్లు ఆరు చూస్తారు. ఒక ఏడాది అక్టోబరు వానలకు డౌనీ బూజు విరుచుకుపడుతుంది, మరో ఏడాది జనవరి చలి గట్టిగా పడుతుంది. ఆ తేడాలే అసలు పాఠం. ఇంకో కలిసొచ్చే సంగతి ఉంది. ఆస్ట్రేలియాలో కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి, తెలంగాణ ద్రాక్ష కోతా దాదాపు అప్పుడే. అక్కడి పాఠానికీ ఇక్కడి తోటకూ పంచాంగం కలుస్తుంది. ఒకటే తేడా, వాళ్లు చలిలోకి నడుస్తుంటారు, మనం ఎండలోకి.

తోటపని నేర్పే దిక్కు మన దేశంలోనే ఉంది. పుణె పక్కన మాంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన స్థానం ఉన్నాయి. ఉప్పునీటి బోర్లకు, కరవుకు తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ వేరుమూలం మీద అంటుకట్టడం ఇప్పుడు దక్కన్ అంతటా మామూలైంది. మహబూబాబాద్ వాళ్లకైతే మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం మరీ దగ్గర. కత్తిరింపు, అంటుకట్టడం చేతితో నేర్వాల్సిన పనులు, తెర మీద చూస్తే రావు.

ఇక ఈ చదువులో రెండో సగం, అంటే రసం పులిసి వైన్‌గా మారే శాస్త్రం. ఇందులో జనగామ పిల్లలు పాఠం మొదలుకాకముందే సగం చదివేసి ఉంటారు. కల్లుగీత కుటుంబానికి చెందిన వీరుడు సర్వాయి పాపన్న ఊరు ఖిలాషాపూర్ ఈ జిల్లాలోనే ఉంది. తాటి వనాలు, మోకు, ముత్తాదు, గీత కత్తి ఇక్కడ రోజువారీ బతుకులో భాగం. గౌడన్న చెట్టెక్కి గెల కొసను పలుచగా చెక్కి లొట్టి కడతాడు. చెట్టులో ఉన్నంతసేపు ఆ రసంలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. చుక్క లొట్టిలో పడగానే పులియడం మొదలవుతుంది, ఎందుకంటే నిన్నటి కల్లులోని ఈస్టు లొట్టి గోడలకు ఇంకా అంటుకునే ఉంటుంది. వైన్ తయారీదారు పొట్లంలో కొనుక్కునే ఈస్టును గౌడన్న కుండలోనే దాచుకుంటాడు.

తాటి నీరాలో, అంటే ఇంకా పులవని రసంలో, చక్కెర నూటికి 10 నుంచి 12 పాళ్లు, అదీ ఎక్కువగా మనం టీలో వేసుకునే సుక్రోజే. ఈస్టు ముందు దాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. ఆపైన 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు రావాలి. ఈ కూడికను 19వ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త గే-లూసాక్ తేల్చాడు. ఆచరణలో లీటరు రసంలోని ప్రతి 17 గ్రాముల చక్కెరకు సుమారు ఒక శాతం ఆల్కహాలు. లీటరుకు 220 గ్రాములున్న ద్రాక్ష రసం 13 శాతం దాకా పోతుంది. 120 గ్రాములున్న నీరా పూర్తిగా పులిసినా 7 శాతమే. మనం తాగే కల్లు అంతకూ చేరదు, ఎందుకంటే లొట్టిలో ఈస్టు ఒంటరిగా ఉండదు.

పులుపు పుట్టించే లాక్టిక్ బ్యాక్టీరియా, ఆల్కహాలును వినిగర్ చేసే ఎసిటిక్ బ్యాక్టీరియా, జైమోమోనాస్ అనే మరో జీవి, అన్నీ ఆ కుండలోనే కాపురముంటాయి. మెక్సికోలో కిత్తలి జాతి మొక్కల రసంతో చేసే పుల్కే అనే పానీయంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్ 1920ల్లో ఈ జైమోమోనాస్‌ను గుర్తించాడు. గ్లూకోజును విరిచే పద్ధతిలో ఇది ఈస్టు కంటే తక్కువ శక్తి సంపాదించుకుంటుంది. ఒళ్లు పెంచుకోవడానికి తక్కువ వాడి, ఆల్కహాలుకు ఎక్కువ వదిలిపెడుతుంది.  

పొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. వైన్ మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. వైన్ శాస్త్రంలో సగం ఈ తేడా మీదే నడుస్తుంది. ద్రాక్ష రసం పీహెచ్ మొదటి నుంచే 3.2, 3.8 మధ్య ఉంటుంది. అంత పులుపులో చాలా బ్యాక్టీరియా తల ఎత్తలేవు. తాజా నీరా పీహెచ్ ఏడుకు దగ్గర, ఎవరొచ్చినా దిగబడొచ్చు. పైగా వైన్‌లో గాలి సోకనివ్వరు, గంధకం డయాక్సైడు కలుపుతారు. ఆ గంధకం బలం కూడా పీహెచ్ చేతిలోనే ఉంది. 3.2 దగ్గర లీటరుకు 20 మిల్లీగ్రాములు చేసే కాపలాను 3.8 దగ్గర చేయాలంటే దాదాపు నాలుగింతలు పోయాలి. ఫిబ్రవరి ఎండకు జారిపోయిన మాలిక్ ఆమ్లం సంగతి ఇక్కడ తేలుతుంది. తోటలో పోయిన పులుపుకు పీపాలో గంధకంతో మూల్యం చెల్లించాలి, లేదా టార్టారిక్ ఆమ్లం కొని కలపాలి. నీరాను పులవకుండా ఆపాలనుకునేవాళ్లు సరిగ్గా దీనికి ఎదురు దారి తొక్కుతారు. కుండ లోపల సున్నం పూస్తారు. పీహెచ్ ఎంత పైకి పోతుందంటే ఈస్టు అందులో పనిచేయలేదు.

మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల్లో ఇప్పపువ్వుది ఇంకో ఉపాయం. తెల్లవారుజామున రాలిన రేకులను ఏరి ఎండబెడతారు. నీరు పోయి చక్కెర చిక్కబడ్డ పువ్వు నెలల తరబడి పాడవదు, ఎండుద్రాక్ష నిలవడానికి కారణం ఏదో ఇక్కడా అదే. నీళ్లలో నానబెట్టిన రోజే పులియడం మొదలు.

విద్యార్థి ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. అరచేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు గాజు మీద పొద్దుటి నీరా ఒక చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే చక్కెర శాతం కనిపిస్తుంది. అదే కుండలోంచి మధ్యాహ్నం మళ్లీ చూస్తే అంకె తగ్గుతుంది, కానీ తగ్గాల్సినంత తగ్గదు. ఆల్కహాలు కూడా వెలుతురును వంచుతుంది కాబట్టి పరికరం దాన్నీ చక్కెర కిందే జమ కడుతుంది. రసంలో తేలే హైడ్రోమీటరు చేసే తప్పు ఇందుకు తిరగబడి ఉంటుంది. ఆల్కహాలు నీటికన్నా తేలిక గనక ఉన్నదానికంటే తక్కువ చక్కెర చూపిస్తుంది. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని, వాటి తేడా నుంచి ఆ పూట కల్లులో ఆల్కహాలు ఎంతో లెక్కగట్టొచ్చు.