మీకు తెలుసా? ముట్టకుండానే లేచే స్కానర్

వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం మొదలైన 1976లోనే అమెరికాలో రే కర్జ్‌వైల్ చూపులేనివారికి పుస్తకాలు చదివి వినిపించే యంత్రాన్ని బయటపెట్టాడు. దానికి కన్ను ఫ్లాట్‌బెడ్ స్కానరే. ఆ జాతి యంత్రాలే ఇప్పుడు హనుమకొండ జిరాక్స్ షాపుల్లో మెమోలు, టీసీలు స్కాన్ చేస్తున్నాయి.

ఒక్కోసారి ఎవరూ ముట్టకపోయినా స్కానర్ గర్రుమని లేచి, లైటు వెలిగించి, మళ్లీ పడుకుంటుంది. దయ్యం కాదు, చాలాసార్లు కరెంటు. రెప్పపాటు పోయి వచ్చినా, ఇన్వర్టర్ మీదికి మారినా స్కానర్ అప్పుడే ఆన్ చేసినట్టు అనుకుని, లైటున్న కడ్డీని మొదటి చోటికి తెచ్చుకుంటుంది. ఆ గర్రు దానిదే. పాత ట్యూబులైటు రకాల్లో దీపం వేడెక్కడానికి ఇంకొంత సేపు పడుతుంది. ఎల్‌ఈడీ వాటిలో ఆ గొడవ లేదు.

కంప్యూటరూ లేపుతుంది. విండోస్ యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చి లేపినప్పుడు, స్కానర్ మీది బటన్ నొక్కారేమోనని వెనకాల కాపలా కాసే ప్రోగ్రాం పలకరించినప్పుడు ఇదే తంతు.

తేల్చుకోవాలంటే కరెంటు ఉంచి యూఎస్‌బీ తీగ మాత్రం పీకండి. అయినా లేస్తే ప్లగ్గు, అడాప్టర్, ఇరుక్కున్న బటన్ చూడాలి. లేవకపోతే అనుమానం కంప్యూటర్ మీదికే: పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి, స్టార్టప్‌లోంచి స్కానర్ ప్రోగ్రాం తీసేయండి. యూఎస్‌బీ తీగతోనే కరెంటు తాగే సన్నపాటి స్కానర్లకు మాత్రం ఈ పరీక్ష చెల్లదు. వాటికి ముందు పోర్టు మార్చి చూడటమే.