తోడేలు మీద స్వారీ

గుర్రమెక్కి, ఏనుగెక్కి యుద్ధానికి పోయే రాజుల కథలు మనం చాలా విన్నాం. తోడేలు ఎక్కి వచ్చేవాళ్ళ సంగతి విన్నారా? నేను ఈమధ్య చదివాను, అది మీకు చెబుతాను.

ఇంగ్లండులో టోల్కీన్ అని ఒక ప్రొఫెసరు ఉండేవాడు. ఆయన రాసిన ‘ది హాబిట్’ అనే కథ 1937లో అచ్చయింది. అందులో వార్గులు అనే భయంకరమైన తోడేళ్ళు ఉన్నాయి. వాటికి సొంత భాష కూడా ఉంది! గోబ్లిన్లు అనే దుష్టులతో అవి జట్టు. ఊళ్ళ మీద పడి దోచుకోవడానికి గోబ్లిన్లు వాటి వీపు మీద ఎక్కి పోతారు.

ఒక రాత్రి 13 మంది మరుగుజ్జులు, బిల్బో, గాండాల్ఫ్ అనే మాంత్రికుడు అడవిలో వార్గులకు చిక్కి చెట్లెక్కేస్తారు. మాంత్రికుడు పైన్ చెట్టు కాయలకు నిప్పంటించి కిందికి విసురుతాడు. తోడేళ్ళ బొచ్చు అంటుకుంటుంది. ఇంతలో గోబ్లిన్లు వచ్చి ఆ మంటనే చెట్ల మొదట్లోకి ఎగదోస్తారు. చివరికి పెద్ద పెద్ద గద్దలు వచ్చి అందరినీ ఎత్తుకుపోయి కాపాడతాయి.

తోడేలు మీద స్వారీ అంతకుముందే ఉంది. 13వ శతాబ్దంలో ఐస్లాండులో రాసిన పుస్తకంలో హిర్రోకిన్ అనే రాక్షసి తోడేలెక్కి వస్తుంది. దాని కళ్ళేలు పాములు! ఆ కథల పాత భాషలో ‘వర్గ్’ అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి తోడేలు. రెండోది ఊరు వెలివేసిన మనిషి. వార్గు అనే పేరు ఇలాంటి పాత మాటల్లోంచి వచ్చిందే.

ఆ రెండో అర్థం చదివాక నాకు మనసు చివుక్కుమంది. పోయిన సెలవుల్లో సంతలో చింతపండు తూకం తక్కువ చూపించారని మా నాన్న అడిగాడు. కొనే ఆయన “అడవి మృగానివి, నీకు లెక్కలేం తెలుసు?” అన్నాడు. నాన్న మాట్లాడకుండా తిరిగొచ్చేశాడు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

అసలు తోడేలు అంత చెడ్డదా? మన దేశపు తోడేలు సుమారు 20 కిలోలు ఉంటుంది. మనిషిని మోయనే లేదు. దాని పిల్లల్ని గుంపంతా కలిసి సాకుతుంది. 1972 నాటి చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం.

కాబట్టి వార్గుల కథ చదవండి, భయపడండి, సరదాగా ఉంటుంది. కానీ మనిషిని మాత్రం మృగం పేరుతో పిలవకండి. మన హాస్టల్లో కొత్తగా చేరిన తమ్ముళ్ళను మనమూ అలా పిలుస్తున్నాం. నేనూ పిలిచాను. ఇక పిలవను.

– 9వ తరగతి విద్యార్థి