రెండు పేర్లలో ఇమడని దేశం

మన దేశ రాజకీయాలూ సంస్కృతీ ఉదారమైనవా, సంప్రదాయబద్ధమైనవా అన్న ప్రశ్నను మనం తరచూ వింటుంటాం. ముషీరాబాద్, తార్నాకలను చూస్తే జవాబు అంత సులువు కాదనిపిస్తుంది.

ముషీరాబాద్ ఓటర్లు 1978లో సోషలిస్టు నాయకుడు నాయిని నరసింహారెడ్డిని జనతా పార్టీ తరఫున గెలిపించారు. 1999లో భాజపాను, 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థిగా మళ్లీ నాయినిని, 2014లో తిరిగి భాజపాను ఎన్నుకున్నారు. మారింది జనస్వభావం కాదు, వారి ముందున్న ప్రశ్నలు. ఓటు ఒక్కటే సంస్కృతికి కొలమానం కాజాలదు.

తార్నాక పక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. 1918లో దానిని స్థాపించినవాడు రాజరిక పాలకుడైన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఉన్నత విద్య అంటే ఆంగ్లమే అనుకునే ఆ రోజుల్లో అక్కడ వైద్యం, ఇంజినీరింగు సైతం ఉర్దూలో బోధించారు. అది సాహసమే. అయితే సంస్థానంలో అందరికన్నా ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ స్థానం దక్కలేదు. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను బహిష్కరించారు. పలువురు నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. ఒకే ప్రాంగణం ఒక తలుపు తెరిచింది, మరొకటి మూసింది. దానికి ఏ పేరు పెడతాం?

మన ఇళ్లూ అంతే. హిజాబ్ ధరించి పీజీ చదివే ఆడబిడ్డ వస్త్రానికి లోకం ఒక పేరు, చదువుకు మరొక పేరు పెడుతుంది. ఆమె మాత్రం ఒక్కతే. దివ్యఖుర్ఆన్ మనల్ని మధ్యస్థ సముదాయమని పేర్కొన్నది. కనుక పేర్లతో కాక న్యాయంతో కొలుద్దాం: భిన్నాభిప్రాయం గలవారికి మాట్లాడే చోటున్నదా? దేశాన్ని అడిగే ముందు ఈ ప్రశ్నను మన దస్తర్‌ఖాన్ వద్దనే వేసుకుందాం.