మట్టి తట్ట మోసిన స్వామి

పూజకు కూర్చునే ముందు పూలసజ్జ సిద్ధం చేసుకోవడం మన ఇళ్లలో తరతరాల ఆచారం. ఆ సజ్జలోకి పువ్వు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం మనం అరుదుగా ఆలోచిస్తాం. కొన్ని అంగడిలో కొన్నవి. మరికొన్ని తెల్లవారుజామున పొరుగువారి ప్రహరీ మీదుగా కొమ్మ వంచి కోసినవి. అడగకుండా కోసిన పువ్వు దేవుని పాదాల చెంతకు చేరినా పరుల సొత్తే. కొన్న పూలతో పూజించడంలో దోషం లేదు. అయితే స్వహస్తాలతో నీరు పోసి పెంచిన మొక్క ఇచ్చిన పువ్వు విశిష్టత వేరు. ఆ విశిష్టత పువ్వులో కాదు, దాని కోసం చేసిన సేవలో ఉంది. తిరుమల కొండపై వెలసిన ఒక పూలతోట కథ ఈ సత్యాన్నే చాటుతుంది.

అనంతాళ్వారు గునపం

తిరుమలలో నివసిస్తూ వేంకటేశ్వరునికి పుష్పకైంకర్యం చేయగలవారెవరని భగవద్రామానుజులు ఒకనాడు శిష్యులను అడిగారు. కొండ మీది చలికి జంకి అందరూ మౌనం వహించగా అనంతాచార్యులు ముందుకు వచ్చారు. ఆయననే అనంతాళ్వారు అంటారు. సతీసమేతంగా కొండకు చేరి, తోటకు నీటి వసతి కోసం చెరువు తవ్వ పూనుకున్నారు. ఆయన గునపంతో తవ్వుతుంటే, గర్భవతి అయిన ఇల్లాలు మన్ను తట్టకెత్తి మోసేది. ఆమె అలసట చూసి ఒక బాలుడు సాయానికి వచ్చాడు. స్వామి సేవలో ఇతరుల పాలు వద్దని ఆచార్యులు వారించినా, ఆ బాలుడు చాటుగా తట్ట అందుకున్నాడు. ఆగ్రహించి ఆచార్యులు విసిరిన గునపం బాలుడి గడ్డానికి తగిలింది. ఆలయానికి వెళ్లి చూస్తే స్వామి చుబుకం నుంచి రక్తం స్రవిస్తోంది! గాయానికి పచ్చకర్పూరం అద్దారు. నేటికీ శ్రీవారి చుబుకంపై పచ్చకర్పూరం అలంకరిస్తారు. ఆ గునపాన్ని మహాద్వారం వద్ద భక్తులు దర్శిస్తారు.

ఈ ఐతిహ్యంలో గమనించవలసిన విషయం ఒకటుంది. స్వామి వచ్చిన వేళకు ఆ తోటలో ఒక్క పువ్వూ పూయలేదు. మాలలు కట్టే నాటి దాకా ఆయన ఆగలేదు. మట్టి మోసేటప్పుడే వచ్చాడు. పాదు తవ్వడం, నీరు పోయడం పూజకు ముందుమాట కావు, అవే పూజ.

కలతకు విరుగుడు

మనసు కుదురుగా లేదు, రాత్రి నిద్ర పట్టడం లేదు, ఏ శాంతి చేయించమంటారని ఆలయంలో అర్చకులను అడిగేవారు ఎందరో. పిల్లలు విదేశాలకు వెళ్లిపోగా మిగిలిన పెద్దలు, ఉద్యోగ భారంతో అలసిన యువకులు వారిలో ఉంటారు. వ్యాధి ఉంటే వైద్యుడిని చూడాలి. జపం, ధ్యానం చేయాలి. వాటితోపాటు నాలుగు మొక్కలు పెంచుకోవాలి.

కలత చెందిన మనసు జరిగిపోయిన దాన్ని తవ్వుకుంటుంది, లేదా జరగబోయే దానికి జడుస్తుంది. మొక్క మాత్రం ఈ పూట నీరు అడుగుతుంది. మొగ్గను తొందరపెడితే విచ్చుకోదు. ఫలాన్ని భగవంతుడికి విడిచి కర్మ చేయమన్న గీతాబోధ పెరటిలో నిత్యం అభ్యాసమవుతుంది. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు తులసివనాన్ని పెంచుతుండగా ఆ వనంలోనే గోదాదేవి పసిపాపగా లభించింది. కాళిదాసు శకుంతల మొక్కలకు నీరు పోయనిదే తాను తాగేది కాదు. మొక్కను తోబుట్టువుగా చూసినవారికి ఇంట్లో ఒంటరితనం తగ్గుతుంది.

వసారా చాలు

ఎండ పడే వసారా ఉంటే అపార్టుమెంటులోనూ ఈ సేవ సాధ్యమే. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. నీరు నిలిస్తే తులసి వేరు కుళ్లుతుంది. తులసి కంకులను ఎప్పటికప్పుడు తుంచితే మొక్క గుబురుగా పెరుగుతుంది. మందార, నందివర్ధనం, శంఖపుష్పం కుండీలలో చక్కగా పూస్తాయి. మల్లెను చలికాలంలో కత్తిరిస్తే వేసవికి విరగబూస్తుంది. గన్నేరు పూజకు శ్రేష్ఠమే గానీ, మొక్కంతా విషం కనుక పసిపిల్లలున్న ఇంట వద్దు. బియ్యం కడిగిన నీరు పాదులో పోయవచ్చు. నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి కాలువల్లో పడవేయడం అపచారం. ఒక కుండీలో మట్టితో కలిపి మగ్గనిస్తే ఎరువవుతుంది. స్వామిని చేరిన పువ్వు మళ్లీ పువ్వుకు ప్రాణమవుతుంది.

ద్వాదశినాడు, సాయంవేళ తులసిదళాలు కోయరాదన్నారు పెద్దలు. మొక్కకు విశ్రాంతినిచ్చే ఆ నియమం మనకూ ఒక శిక్షణే. కోరినదల్లా కోరిన క్షణాన చేతికి రావాలన్న ఆరాటం దాంతో తగ్గుతుంది.

ఏటా బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు, భాగ్ సవారి ఉత్సవంలో మలయప్పస్వామి అనంతాళ్వారు తోటకు వేంచేస్తాడు. భక్తుడు తవ్విన నేలను భగవంతుడు ఇంతకాలమైనా మరువలేదు. మన ఇంటి తులసికోట ముందు చెంబెడు నీటితో నిలిచే నాలుగు నిమిషాలనూ ఆయన మరువడు. పువ్వు పూసిన రోజున మాలకట్టి అర్పిద్దాం. పూయని రోజున, మన్ను అంటిన చేతులనే జోడించి నమస్కరిద్దాం.